సరకు చేరవేతకు చిన్నబండి : వెల చూడవలెనా, ఖర్చు చూడవలెనా?



గడచిన రెండు మూడు మాసములుగా మాకు వచ్చుచున్న జాబులలో పెక్కింటియందు ఒకే ప్రశ్న కానవచ్చుచున్నది. “మా సంఘమువారము కూరగాయలను, పాలను పట్టణములోని దుకాణములకును ఇండ్లకును మేమే చేర్చదలచితిమి. తక్కువ ఖర్చుతో తిరుగు చిన్నబండి యేది?” అని. ఒక బండిపేరు వ్రాసి ఊరకుండుట మాకు సులభమే. కాని యొక సంఘమునకు లాభించిన బండియే ప్రక్కయూరి సంఘమును అప్పులలో దింపుట మేము చూచియున్నాము. కావున ఈ నెల పాఠమున బండిపేరు గాక, లెక్కవేయు పద్ధతిని తెలుపుచున్నాము. కాగితమును కలమును దగ్గర నుంచుకొని చదువగోరెదము.

ముందుగా మా తప్పును మేము చెప్పుకొనవలయును. 2021వ సంవత్సరమున మా సంఘమువారము ఒక పాత పెట్రోలు వ్యానును చౌకగా వచ్చినదని కొంటిమి. అది మనుష్యులు తిరుగుటకై సొంతబండిగా రిజిస్టరయి, తెల్లని నెంబరుపలక గలది. వెనుక సీట్లు తీసివేసి, వంగతట్టలును టమాట ట్రేలును నింపి పట్టణమునకు పంపుచుంటిమి. ఎనిమిది మాసములు బాగుగనే నడచెను. తొమ్మిదవ మాసమున వానలో ఒక కల్వర్టు ప్రక్కన బండి జారి బోల్తాపడినది. డ్రైవరు చేయి విరిగినది. దైవవశమున ప్రాణాపాయము కలుగలేదు. భీమా కంపెనీవారిని బండి మరమ్మతు ఖర్చడుగగా, సొంత వాడుకకని తీసికొన్న పాలసీతో వ్యాపారపు సరకు మోయించితిరి గనుక పైకము చెల్లదనిరి. పాలసీ కాగితమును చదువగా వారి మాట నిజమే. మరమ్మతు, వైద్యము, ఆ నెల కిరాయి బండ్లు అన్నియు సంఘపు నిధినుండియే చెల్లించితిమి. ఆ యేడు సభ్యులకు బోనసు లేకపోయెను. చౌకబండి యెంత ప్రియమో ఆ సర్వసభ్య సమావేశమున మాకు బాగుగ తెలిసినది.

ఇక విషయమునకు వత్తము. బండికి ముందు సరకును తూచవలయును. ఏ సరకు, దినమునకు ఎంత బరువు, ఎంత చోటు పట్టును అను మూడు మాటలు తెలియక బండ్ల దుకాణమునకు పోరాదు. పాలు లీటరు ఒకింటికి సుమారు 1.03 కిలోలు తూగును. నలుబది లీటర్ల క్యాను నిండిన, క్యాను బరువుతో గూడ అర్ధ క్వింటాలు దాక వచ్చును. అట్టివి పదునైదు ఎక్కించిన ఏడున్నర క్వింటాళ్లయి, 750 కిలోల బండికి చాలిపోవును. చూచుటకు మాత్రము బండి సగము ఖాళీగనే కనబడును. ఆ ఖాళీని జూచి మరి నాలుగు క్యానులు ఎక్కింతురు. కమానుపట్టీలు విరుగుట, బ్రేకులు పట్టకపోవుట ఇచ్చటనే మొదలగును. పరిమితికి మించిన బరువునకు 2019 సవరణ చట్టము ప్రకారము 20,000 రూపాయల జుల్మానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయలు గలదు. కొత్తిమీర, తోటకూర, పాలకూరల సంగతి దీనికి విరుద్ధము. మూడు క్వింటాళ్లు కాకమునుపే చోటు నిండిపోవును. ఆకుకూరలకు బరువు మోయు శక్తికంటె పొడవైన తొట్టియు, గాలి యాడు పైకప్పును ముఖ్యములు. నాలుగువైపుల రేకు మూసిన వ్యానులో ఎండకాలమున ఆకుకూర పట్టణము చేరులోపలనే వాడిపోవును. గ్రుడ్లకు, పాల ప్యాకెట్లకు మాత్రము మూసిన వ్యాను మేలు.

మన ప్రాంతమున దొరకు చిన్నబండ్లు స్థూలముగా మూడు తరగతులు. అయిదు క్వింటాళ్ల వరకు మోయు మూడు చక్రముల సరకు ఆటోలు మొదటివి. ఏడు, ఎనిమిది క్వింటాళ్ల వరకు మోయు నాలుగు చక్రముల బండ్లు రెండవవి. 2005లో టాటా ఏస్ వచ్చినపిమ్మట ఈ తరగతి పల్లెపల్లెకు ప్రాకినది, తరువాత మహీంద్రావారి జీతో, మారుతీవారి సూపర్ క్యారీ మొదలగునవి దాని వెంట వచ్చినవి. పండ్రెండు క్వింటాళ్ల పైచిలుకు మోయు అశోక్ లేలండ్ దోస్త్ వంటివి మూడవవి. వీనిలో చౌక యేదని యడిగిన అందరును ఆటోనే చూపుదురు. అచ్చటనే జాగ్రత్త వహింపవలయును.

మా సంఘమునుండి పట్టణమునకు పోయి, వీధులు తిరిగి, మరలి వచ్చుటకు 60 కిలోమీటర్లు. దినమునకు సరకు ఏడు క్వింటాళ్లు. అయిదు క్వింటాళ్ల ఆటో దీనికై రెండుమారులు తిరుగవలయును, అనగా 120 కిలోమీటర్లు. డీజిలు ఆటో లీటరునకు 28 కిలోమీటర్లు ఇచ్చుననియు, డీజిలు లీటరు 98 రూపాయలనియు లెక్కకై అనుకొందము. దినమునకు 420 రూపాయలు. లీటరునకు 18 కిలోమీటర్లే యిచ్చు నాలుగు చక్రముల బండి ఒక్క తిరుగుడులో పని ముగించి 327 రూపాయలతో సరిపెట్టును. మైలేజి తక్కువగల బండియే మేలయినది గదా! ఇంతేకాదు. రెండవ తిరుగుడు సరకు పట్టణము చేరుసరికి పది గంటలగును. అప్పటికి దుకాణదారులు వేరొకరివద్ద కొనియుందురు. డ్రైవరు జీతము నెలకు 15,000 రూపాయలన్న, సంవత్సరమునకు 1,80,000. ఇది ఇంధనము ఖర్చును మించినది. కాబట్టి డ్రైవరు గంటలను పొదుపుచేయు బండియే పొదుపుబండి. సరకు నాలుగు క్వింటాళ్లే అయినచో మాత్రము తీర్పు తిరుగబడును. అప్పుడు ఆటోను మించినది లేదు. ఇరుకు సందులలో అది తిరిగినట్లు మరియొకటి తిరుగదు.

తరువాతది ఇంధనము. 2025 జూనులో టాటావారు విడుదల చేసిన ఏస్ ప్రో అను బండి పెట్రోలు, సీఎన్‌జీతోగూడిన పెట్రోలు, విద్యుత్తు అను మూడు విధముల వచ్చినది. అనగా నేడు బండి నిర్ణయించుకొన్న పిమ్మటగూడ ఇంధనము నిర్ణయించుకొనవలసియే యున్నది. దీనిని తేల్చునది దినమునకు తిరుగు దూరము. ధరలు మారుచుండును గాన క్రింది యంకెలను లెక్కకు మాత్రమే గ్రహించి, మీయూరి ధరలను వాని చోట వేసికొనుడు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, బరువుతో 15 కిలోమీటర్లు వచ్చిన, కిలోమీటరునకు 7 రూపాయల 33 పైసలు. సీఎన్‌జీ కిలో 95 రూపాయలు, 20 కిలోమీటర్లు వచ్చిన, 4 రూపాయల 75 పైసలు. దినమునకు 60 కిలోమీటర్లు, ఏడాదికి 300 దినములు తిరిగిన 18,000 కిలోమీటర్లు. పెట్రోలునకు 1,32,000, గ్యాసునకు 85,500. గ్యాసుబండికి 90,000 రూపాయలు అధికముగ నిచ్చినను, ఏడాదికి 46,500 మిగులును గాన రెండేండ్లలో అది తిరిగివచ్చును. అదే దినమునకు 20 కిలోమీటర్లు మాత్రమే తిరుగు సంఘమునకు ఏడాదికి 15,500 మిగిలి, ఆ 90,000 రాబట్టుటకు ఆరేండ్లు పట్టును. వారికి పెట్రోలే చాలును.

గ్యాసు బంకు ఎంత దూరమున గలదో మరువరాదు. బంకు పండ్రెండు కిలోమీటర్ల దూరముననుండి, దానికై ప్రత్యేకముగ పోయి రావలసివచ్చిన, ఆ 24 కిలోమీటర్లకు 114 రూపాయలు ఖర్చు. ఒకమారు నింపిన గ్యాసు 150 కిలోమీటర్లు నడచిన, పెట్రోలుమీద మిగులునది 387 రూపాయలు. అందులో మూడవవంతునకు దగ్గరగా దారిలోనే పోయెను. వరుసలో నిలుచు గంట వేరు. పట్టణమునకు పోవు దారిలోనే బంకున్నచో ఈ బాధ లేదు. సిలిండరు బరువు బండి మోయు శక్తినిగూడ తగ్గించును. సూపర్ క్యారీ పెట్రోలుబండి సుమారు 740 కిలోలు మోయగా, గ్యాసుబండి 625 కిలోలే మోయును. మా ఏడు క్వింటాళ్లకు అది చాలదు. మరియు గ్యాసు సిలిండరునకు మూడేండ్లకొకమారు పీడన పరీక్ష చేయింపవలయును.

విద్యుత్తుబండి కిలోమీటరు ఖర్చు చూచినవారికి ఆశ పుట్టును. యూనిటు 8 రూపాయలు, యూనిటుకు 5 కిలోమీటర్లన్న, కిలోమీటరునకు 1 రూపాయి 60 పైసలే. 18,000 కిలోమీటర్లకు 28,800. గ్యాసుమీద 56,700 మిగులు. కాని బండి వెల మూడున్నర లక్షలు అధికమయిన, నూటికి పది వడ్డీచొప్పున మొదటి యేడు వడ్డీయే 35,000. మిగులు 21,700. దినమునకు 60 కిలోమీటర్లతో అది అసలును తీర్చుట కష్టము. 110 కిలోమీటర్లు తిరుగువారికి ఏడాదికి లక్షపైన మిగిలి సంగతి మారును. అయితే కంపెనీవారు చెప్పు దూరము ప్రయోగశాలలోని పరీక్షదని గుర్తుంచుకొని, నిండుబరువుతో ఎంత వచ్చునో స్వయముగ చూచుకొనవలయును. ఒక హెచ్చరిక చేయక తప్పదు. మోటారుకిచ్చిన ఉచిత వ్యవసాయ విద్యుత్తుతో బండిని చార్జిచేయుట చట్టవిరుద్ధము. షెడ్డునకు వేరుగ మీటరు తీసికొనుడు.

ఇంతవరకు ఏ బండి యని చూచితిమి. అసలు కొనవలెనా యను ప్రశ్నను చాల సంఘములు అడుగవు. ఆరున్నర లక్షల గ్యాసుబండిని కొని ఎనిమిదేండ్లకు 1,70,000 కు అమ్మిన, ఏడాదికి తరుగుదల 60,000. వడ్డీ సగటున 35,000. భీమా, పన్ను, ఫిట్‌నెస్ కలిసి 35,000. డ్రైవరు 1,80,000. బండి కదలినను కదలకున్నను ఈ 3,10,000 తప్పదు. కదలిన దినమున ఇంధనము 285, టైర్లు మరమ్మతులు 100, మొత్తము 385. కిరాయికి డ్రైవరుతోను ఇంధనముతోను దినమునకు 1,500 అడుగుచున్నారనుకొందము. 300 దినములు నడచిన సొంతబండికి 4,25,500, కిరాయికి 4,50,000. లాభము 24,500 మాత్రమే. 180 దినములే సరకున్నచో సొంతబండికి 3,79,300, కిరాయికి 2,70,000. నష్టము 1,09,300! లెక్క తేల్చిచూడగా, ఏడాదికి 278 దినములకు తక్కువ నడచు బండిని కొనుటకంటె కిరాయి మేలు. పాల సంఘములకు ఏడాది పొడవునను పని గలదు. రెండు పంటల టమాట రైతులకు లేదు.

ఆ 278 ని తగ్గించు మార్గమొకటి గలదు. బండి పట్టణమునుండి ఖాళీగా రాకూడదు. దాణా, ఎరువులు, కిరాణా సరకు ఏదైన వేసికొని వచ్చి దినమునకు 200 రూపాయలు సంపాదించిన, 236 దినములకే బండి గిట్టుబాటగును. స్థూలబరువు 3,000 కిలోలు మించని సరకుబండికి 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిటు అక్కరలేదు. కిరాయి సరకు తెచ్చుటకు అడ్డు లేదు.

కాగితముల విషయమై కొలది మాటలు. బండి సంఘము పేరనే రిజిస్టరు కావలయును. అధ్యక్షుని పేరగాని కార్యదర్శి పేరగాని కారాదు. సరకుబండిగా రిజిస్టరయి పసుపుపలక యుండవలయును. విద్యుత్తుబండికి ఆకుపచ్చ పలకపై పసుపు అక్షరములు. భీమాగూడ సరకుబండి భీమాయే కావలయును. క్రొత్తబండికి రెండేండ్లవరకు ఫిట్‌నెస్ గలదు, ఎనిమిదేండ్లవరకు రెండేండ్లకొకమారు, ఆపైన ఏటేట చేయింపవలెను. డ్రైవరునకు కారు లైసెన్సు చాలునా యని సందేహము తరచు వచ్చుచుండెను. 7,500 కిలోలకు లోబడిన సరకుబండిని తేలికబండి లైసెన్సుతో నడుపవచ్చునని సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. పాతబండి కొనువారు, దానిపై బ్యాంకు అప్పు తీరినట్లు పత్రము చేతికి రానిదే బయానా ఇయ్యరాదు.

బేరమునకు పోవునపుడు సంఘములో రోజు బండి నడుపువానిని, సరకెత్తు కూలివానిని వెంటబెట్టుకొని పోవుడు. తొట్టి యెంత ఎత్తున నున్నదో చూచి చెప్పగలవాడు క్యాను భుజమున నెత్తువాడే గాని అధ్యక్షుడు కాడు. నిండుబరువు వేయించి మీయూరి మట్టిరోడ్డుమీదను, వంతెన ఎక్కుడుమీదను నడిపించి చూడుడు. ఒప్పుకొనని దుకాణమును విడిచి మరియొకదానికి పోవుడు. మైలేజి చూచుటకు టాంకీని పూర్తిగ నింపించి, మూడువందల కిలోమీటర్లు తిరిగి, మరల పూర్తిగ నింపించి, పట్టిన లీటర్లతో భాగింపుడు. ఆ యంకె తప్ప వేరే యంకెను నమ్మరాదు.

మా సంఘమువారము ఇప్పుడు బండి కొనలేదు. ఈ సంవత్సరము కిరాయి బండితోనే నడుపుచు, బయలుదేరిన వేళ, కిలోమీటర్లు, క్వింటాళ్లు, తిరుగుసరకు అనునవి నాలుగు గడులుగా ఒక పుస్తకమున ప్రతిదినము వ్రాయించుచున్నాము. మొదటి మూడు నెలలలో 71 దినములు బండి తిరిగినది. ఉగాది తరువాత జరుగు సర్వసభ్య సమావేశమున ఆ పుస్తకమునే సభ్యులయెదుట పెట్టెదము. అట్టి పుస్తకము వ్రాయుచున్న యితర సంఘములవారు తమ అంకెలను మాకు పంపినచో, వచ్చు సంచికలలో ప్రక్కప్రక్కన వేసి ప్రకటింతుము.