కాకి నిజంగా కుండలో రాళ్లు వేస్తుందా?

ఈ సంచికకు సైన్సు విషయం ఏదైనా వ్రాయమని ట్రస్టు పెద్దలు అడిగినప్పుడు నాకు ఒక పాత బాకీ గుర్తుకు వచ్చింది.

నేను చిన్న తరగతులకు పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి దాహం వేసిన కాకి కథ చెప్పాను. కుండ అడుగున నీళ్లు, కాకి గులకరాళ్లు వేయడం, నీళ్లు పైకి రావడం మీకందరికీ తెలిసినదే. వెనక బెంచీ నుండి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, కాకి నిజంగా అలా చేస్తుందా అండీ?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, "కథలో నీతి చూడమ్మా, కాకిని కాదు" అని కూర్చోబెట్టేశాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్లీ చెయ్యి ఎత్తలేదు. తప్పు నాదే. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు వ్రాస్తున్నాను.

2009లో ఇంగ్లండులో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమరీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ కథనే పరీక్షగా పెట్టారు (పక్షుల మీద పని చేసిన ఆయన ఇంటిపేరే 'బర్డ్' కావడం తమాషా). రూక్ అనే కాకి జాతి పక్షులు నాలుగింటిని తీసుకుని, ముక్కుకు అందనంత లోతున నీళ్లు ఉన్న గొట్టంలో ఒక పురుగును తేలేటట్లు వదిలి, పక్కన రాళ్లు ఉంచారు. నాలుగూ రాళ్లు వేసి నీటిమట్టం పెంచి పురుగును తిన్నాయి. పెద్ద రాళ్లతో పని త్వరగా అవుతుందని పోను పోను వాటినే ఏరుకున్నాయి కూడా.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ పక్షులకు అంతకు ముందే వేరే పరీక్షలో గొట్టంలో రాయి పడవేసి తిండి సంపాదించడం అలవాటయింది. మరి నీళ్లు పైకి వస్తాయని తెలిసి వేశాయా, పాత అలవాటు కొద్దీ వేశాయా? దీన్ని తేల్చడానికి ఒకటే దారి. లెక్క మార్చి ఇవ్వాలి. గైడులో లెక్క బట్టీపట్టిన కుర్రవాడిని పట్టుకోవాలంటే మేష్టర్లు అంకెలు మార్చి ఇస్తారు కదా, అలాగన్నమాట.

2014లో న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా జెల్బర్ట్, ఆమె సహచరులు న్యూ కాలిడోనియా కాకులకు ముందుగా గొట్టంలో రాళ్లు వేయడం నేర్పి, తరువాత లెక్క మార్చారు. ఒక గొట్టంలో ఇసుక, ఇంకొక దానిలో నీళ్లు పెడితే కాకులు ఎక్కువగా నీళ్ల గొట్టంలోనే వేశాయి. తేలే వస్తువులు, మునిగే వస్తువులు కలిపి ఇస్తే మునిగేవాటిని ఎంచుకున్నాయి. కాని వెడల్పు గొట్టం, సన్న గొట్టం రెండూ పెట్టినప్పుడు, అవే రాళ్లతో సన్నదానిలో నీళ్లు త్వరగా పైకి వస్తాయన్న సంగతి వాటికి తట్టలేదు. బయటికి కనబడకుండా కింద కలిపిన గొట్టాల పరీక్షలోనూ తప్పాయి. అంటే కొంత తెలుసు, కొంత తెలియదు. నా మట్టుకు ఆ తప్పిన పరీక్షలే ఎక్కువ విలువైనవి. ఎంతవరకు అర్థమయిందో వాటి వల్లనే తెలిసింది.

ఇప్పుడు మీకు పని. ఒకే వెడల్పు ఉన్న, ఒక లీటరు పట్టే డబ్బాను గులకరాళ్లతో నిండా నింపితే రాళ్ల మధ్య ఖాళీ సుమారు 400 మిల్లీలీటర్లు ఉంటుంది (రాళ్ల ఆకారాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ). మొదట డబ్బాలో 200 మిల్లీలీటర్ల నీళ్లే ఉన్నాయనుకోండి. అంచు దాకా రాళ్లు వేసినా ఆ నీళ్లు ఖాళీల్లో సగం మేరకే నిండుతాయి, అంటే డబ్బాలో సగం ఎత్తుకు వచ్చి ఆగిపోతాయి. పైన రాళ్లు, లోపల దాక్కున్న నీళ్లు. కాకి దాహంతోనే పోవాలి! సుమారు 400 ఉంటేనే అంచుకు చేరుతాయి. "అడుగున కాసిని నీళ్లు" అని పాఠంలో చెప్పినప్పుడు ఈ సంగతి నాకు తట్టనే లేదు. వంటింట్లో కొలత గ్లాసుతో మీరే చేసి చూడండి. తల్లిదండ్రులు కాసిన్ని నీళ్లు ఒలికినా కోప్పడవద్దని మనవి.

గోసాని నువాగాంలో మా డాబా మీద కూడా ప్రయత్నించాను. పొడుగు స్టీలు గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి, వేరుశనగ గింజ తేలవేసి, పక్కన రాళ్లు పెట్టాను. మన మెడ బూడిదరంగు కాకి ఒకటి వచ్చింది. మూడు రోజులు రాళ్లను చూడను కూడా లేదు. నాలుగో రోజు గ్లాసును ముక్కుతో లాగి పడదోసి, గింజ తీసుకుని ఎగిరిపోయింది. నా మనవరాలు చప్పట్లు కొట్టి, "తాతయ్యా, మీ రాళ్లు దానికి అక్కరలేదు" అంది. ఇదే కాకి ఎండిన రొట్టెముక్కను తెచ్చి నీళ్ల తొట్టిలో నానబెట్టుకుని తినడం చాలాసార్లు చూశాను. ఒక జాతి చేసిన పనిని అన్ని కాకులకూ అంటగట్టకూడదు. చేయలేదు కదా అని తెలివి లేదనీ అనకూడదు.

శాస్త్రజ్ఞులు కూడా తొందరపడి, తరువాత దిద్దుకుంటారు. 2002లో ఆక్స్‌ఫర్డులో బెట్టీ అనే న్యూ కాలిడోనియా కాకి తిన్నని తీగను కొక్కెంలా వంచి, గొట్టంలోని చిన్న బకెట్టును పైకి తీసింది. అప్పటికప్పుడు కొత్తగా కనిపెట్టిందని ప్రపంచమంతా మెచ్చుకుంది. 2016లో తెలిసిందేమిటంటే, ఆ జాతి కాకులకు పుల్లలను వంచడం సహజంగానే ఉన్న అలవాటట. బెట్టీ తెలివిగలదే, కాని ఆ మెప్పును కొంత తగ్గించవలసి వచ్చింది. అదే 2016లో మరొక సంగతి కూడా వెల్లడయింది. కాకుల, చిలుకల మెదడు చిన్నదయినా అందులో నాడీకణాలు ఎంతో దట్టంగా ఇమిడి ఉంటాయి. లెక్కకు కొన్ని కోతులతో సరితూగుతాయి.

ఇంత తెలివైన కాకి మన వీధిలోనే ఏటా ఒకచోట మోసపోతుంది. కోకిల దాని గూటిలో గుడ్డు పెట్టిపోతే, కాకి దాన్ని పొదిగి, పిల్లకు తన ముక్కుతో తిండి పెడుతుంది. తీగనూ రాయినీ లెక్క చూడగల జాతికి తన గూటిలో ఉన్నది ఎవరి పిల్లో ఎందుకు తెలియదు? కోకిల గుడ్డు కాకి గుడ్డును పోలి, కొంచెం చిన్నదిగా ఉంటుందన్నది ఒక కారణం. పిల్ల పుట్టాక కూడా ఎందుకు వెళ్లగొట్టదన్నది మీరు ఆలోచించండి. ఈ వేసవిలో మీ ఇంటి దగ్గర చెట్టు మీద కాకి గూడు ఉంటే దూరం నుండే గమనించండి (దగ్గరకు పోతే తల మీద పొడుస్తుంది). తేదీ, వేళ, ఏ పక్షి ఏమి చేసింది అన్నవి నోటుపుస్తకంలో వ్రాసి, తెలుగులోనైనా ఒడియాలోనైనా సరే, ట్రస్టు ఆఫీసులో ఇవ్వండి. కొలత గ్లాసు ప్రయోగం చేసినవారు తమ అంకెలు కూడా జతచేయగలరు.