యంత్రమునకు గాలి: టర్బో మేలా, సహజశ్వాస మేలా?

విద్యార్థులారా! కట్టెల పొయ్యి మండకున్నపుడు గొట్టముతో నూఁదుట మీరు చూచియే యుందురు. గాలి హెచ్చినచో మంట హెచ్చును. మోటారు యంత్రపు మర్మము కూడ నిదియే.

మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకఁడు నా యొద్దకు వచ్చెను. గల్ఫు దేశములనుండి వచ్చువారిని శంషాబాదు విమానాశ్రయమునుండి మెట్‌పల్లికిఁ జేర్చుట యతని జీవనోపాధి. అతని పెట్రోలు కారు పాతఁబడి యింజనాయిలు త్రాగుచుండెను. “సారూ, అప్పు తెచ్చిన డబ్బుతో బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పింపనా? లేక టర్బో బిగింపింపనా?” అని యడిగెను. అతనికిఁ జెప్పిన లెక్కయే యీ పాఠము.

సహజశ్వాస యంత్రము: పిస్టను క్రిందికి దిగునపుడు గాలి తనంతట లోనికి వచ్చును. 1200 ఘనసెంటీమీటర్ల యంత్రము రెండు చుట్లకొకసారి, హెచ్చుగా 1.2 లీటర్ల గాలిని పీల్చును. నిమిషమునకు 4000 చుట్లు తిరిగినచో 2400 లీటర్లు. మన యూరి వేసవిలో 45 డిగ్రీల యెండయందు లీటరు గాలి సుమారు 1.1 గ్రాములు తూఁగును. కావున గాలి 2640 గ్రాములు. ఒక గ్రాము పెట్రోలు చక్కఁగా మండుటకు 14.7 గ్రాముల గాలి కావలెను. అనఁగా నిమిషమునకు సుమారు 180 గ్రాముల పెట్రోలుకంటె నెక్కువ యీ గాలితోఁ జక్కఁగా మండదు.

టర్బో యంత్రము: స్విట్జర్లాండు దేశీయుఁడగు ఆల్ఫ్రెడ్ బుకీ 1905లో దీనికి పేటెంటు పొందెను. బయటికిఁ బోవు పొగ యొక చక్రమును త్రిప్పును. దానితోఁ గూడిన మఱియొక చక్రము గాలిని నొక్కి లోనికిఁ బంపును. ఈ చక్రములు నిమిషమునకు లక్షకుమించి తిరుగఁగలవు. గాలి ఒకటిన్నర రెట్లయినచో పెట్రోలును నంతయే హెచ్చి, 270 గ్రాములగును. బలము ఊరక రాదు!

2023లో విడుదలయిన మారుతీ ఫ్రాంక్సు కారును చూడుఁడు. దాని 1.2 లీటర్ల సహజశ్వాస యంత్రము సుమారు 90 అశ్వశక్తిని, 113 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలమును ఇచ్చెను. 1 లీటరు టర్బో యంత్రము చిన్నదైనను 100 అశ్వశక్తిని, సుమారు 148 న్యూటన్ మీటర్లను ఇచ్చెను. నిండు బరువుతో నెక్కు పెట్టువారికిని, గాలి పలుచనగు కొండదేశములందు నడుపువారికిని టర్బో నిజముగా మేలు. అయితే అది మొదటినుండి టర్బో కొఱకే నిర్మింపఁబడిన యంత్రము.

పాత యంత్రమునకుఁ దరువాత బిగించుట వేఱు సంగతి. నొక్కిన గాలి వేఁడెక్కును. వేఁడిమిచే పెట్రోలు వేళకు ముందే మండి పిస్టనును కొట్టును. కావున గాలిని చల్లార్చు నింటర్‌కూలరు, తక్కువ కంప్రెషను గల పిస్టన్లు, ఎక్కువ పెట్రోలు నందించు నింజెక్టర్లు కావలెను. టర్బో చక్రపు బేరింగులకు శుభ్రమైన నూనె యెడతెగక యందవలెను. అరిగిన రింగులు గల యంత్రమందు ఒత్తిడి హెచ్చినచో పొగ నూనెలోనికి మఱింత దిగును. రిజిస్ట్రేషను పత్రపు వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటకు 1988 నాఁటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కట్టడి చేయుచున్నది.

లెక్క వ్రాసి చూచుకొని యాతఁడు బోరు చేయించెను. ఈ సంవత్సరము అప్పు వాయిదాలు తప్పలేదని మొన్న చెప్పెను. మంచమున్నంతవఱకే కాళ్లు చాఁచవలెనని పెద్దలు చెప్పిరి గదా! బలమెంత యని యడుగుటకు ముందు, పని యెంత యని యడుగుఁడు.

ప్రశ్నలు
1. 1000 ఘనసెంటీమీటర్ల యంత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో నెన్ని లీటర్ల గాలిని పీల్చును?
2. ఎండకాలమున యంత్రపు బలము కొంత తగ్గుటకుఁ గారణమేమి?