గ్వామ్ పోతనంటున్న బిడ్డకు

బీబీపేట,
ఆదివారం పొద్దుగాల.



నువ్వు మీ అమ్మకు పెట్టిన మెసేజ్ నాదాక వచ్చింది. ఆమె బీడీల చాట పక్కకు జరిపి, అద్దాలు పెట్టుకొని, రెండుసార్లు చదివి వినిపించింది. మూడోసారి గూడ లాటరీల పేరు రాలేదని రాసినవ్. గ్వామ్‌ల అయితే లాటరీనే లేదని ఎవరో కన్సల్టెన్సీ ఆయన చెప్పిండని రాసినవ్. "గ్వామ్ అంటే అమెరికానే గదా, పెద్దబాపును ఫికర్ చెయ్యొద్దను" అని ఆఖరుకు ఒక ముక్క. ఆ ముక్క కాడనే నా నిద్ర పోయింది.

అయిదు రోజుల సంది అట్లాస్ ముందటేసుకొని కూసున్న. ఫోన్ల దొరికిందల్లా చదివిన. ఈ ఉత్తరం కాగితం మీద రాస్తున్న, నీ తమ్ముడు ఫొటోలు తీసి పంపుతడు. పనిల ఉన్నప్పుడు చదవకు, అన్నం తిన్నంక కూసొని చదువు. మంచిగ తింటున్నవా? మొన్న వీడియోల మెడ ఎముకలు కనవడ్డయి.

నువ్వు విన్నది అబద్ధం కాదు. హెచ్-1బీ అనే కొలువు వీసాలకు ఏడాదికి 65,000, అమెరికాల పై చదువు చదివినోళ్లకు ఇంకో 20,000 అని లెక్క ఉన్నది. గ్వామ్‌ల, దాని పక్కపొంటి ఉత్తర మరియానా దీవులల్ల కొలువు చేసెటోళ్లు ఆ లెక్కకు రారు. 2009 నుంచి ఉన్న వెసులుబాటు అది. మొదట 2014 దాకనే అన్నరు, తర్వాత 2019 అన్నరు, ఇప్పుడు గడువు 2029 డిసెంబరు 31. అయితే పని ఆడనే చెయ్యాలె. ఆ కొలువు విడిచి డాలస్‌ల కంపెనీకి మారుదామంటే మళ్ల ఆ లాటరీ వరుసలనే నిలవడాలె. గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టినా మనదేశపోళ్ల వరుస వరుసనే, ద్వీపంల ఉన్నరని ముందుకు జరపరు.

నాకు భయం పట్టింది వేరే కాడ. "కాగితం గ్వామ్‌ల ఉంటది, మనిషి డాలస్‌ల ఉండొచ్చు" అని ఆ కన్సల్టెన్సీ ఆయన అన్నట్టు నీ తమ్ముడు నోరు జారిండు. బిడ్డా, ఆ మాట అన్నోని గడప మళ్ల తొక్కకు. అది దొంగ కాగితం. పట్టుబడ్డనాడు వాడు ఫోన్ ఎత్తడు, దేశం దాటించేది నిన్ను. మీ అమ్మ వేళ్లు తునికాకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసినయి. ఆ వేళ్లతోని కట్టింది నీ చదువు ఫీజు.

ఇగ నా అసలు ముచ్చట. ముప్పై ఆరేండ్లు తెలుగు పాఠం చెప్పినోన్ని, విభక్తి తప్పితే ఆగకుంట పోలేను. గ్వామ్ అమెరికా కాదు, అమెరికాది. పటేలు పొలం అంటే పొలం పటేలు అయితదా? పొలాన్ని అడిగి ఎవరూ అమ్మరు.

అమ్మిండ్రు గూడ. 1898 జూన్‌ల అమెరికా యుద్ధనౌక ఒకటి ఆ ద్వీపానికి వచ్చి ఫిరంగులు పేల్చింది. అప్పుడు ద్వీపం స్పెయిన్ చేతుల ఉండె. స్పెయిన్‌కు, అమెరికాకు యుద్ధం మొదలైన సంగతి ఆడున్న అధికారులకే తెల్వదు. మర్యాదకు సలామీ పేల్చిండ్రనుకొని, తిరిగి పేల్చెటందుకు తమ దగ్గర మందుగుండు లేదని చెప్పుకోను నౌక మీదికి పోయిండ్రట. అట్ల చేతులు మారింది. డిసెంబరుల పారిస్‌ల కూసొని స్పెయిన్‌వాళ్లు, అమెరికావాళ్లు ఒప్పందం రాసుకున్నరు. ఆ ద్వీపంల పుట్టి పెరిగిన చమోరో జనాన్ని పిలిచినోళ్లు లేరు, అడిగినోళ్లు లేరు.

నా విభక్తి చాదస్తమని కొట్టెయ్యకు. అదే యుద్ధంల అమెరికాకు వచ్చిన ఇంకో ద్వీపం ప్యూర్టోరికో. ఆడికెళ్లి న్యూయార్క్ పోయిన నారింజపండ్ల మీద సుంకం కట్టాల్నా వద్దా అని కేసు నడిచింది. ఆ దేశంల భాగమే అయితే సుంకం ఎందుకుంటది? 1901ల వాళ్ల సుప్రీంకోర్టు సుంకం ఖాయం చేసింది. ఇసొంటి ద్వీపాలు దేశానికి చెందినయే గానీ దేశంల భాగం కావు అనే లెక్కన తీర్పు చెప్పింది. నారింజపండ్ల మీద మొదలైన ఆ లెక్క మనుషుల మీద ఇయ్యాలటిదాక నడుస్తనే ఉన్నది.

1950ల గ్వామ్ వాళ్లకు పౌరసత్వం ఇచ్చిండ్రు. అంతకుముందు చానా ఏండ్లు నావికాదళం అధికారే వాళ్లకు గవర్నరు. నడుమ 1941 డిసెంబరు నుంచి 1944 జులై దాక జపాన్ సైన్యం కింద నలిగిండ్రు. తమ గవర్నరును తాము ఓటేసి ఎన్నుకున్నది 1970ల. అమెరికా ప్రెసిడెంటుకు మాత్రం ఇయ్యాలటికీ ఓటు లేదు. దిగువ సభల ఒక ప్రతినిధి ఉంటడు, మాట్లాడొచ్చు, కమిటీల కూసోవచ్చు, బిల్లు మీద ఆఖరు ఓటు పడేకాడ చెయ్యి ఎత్తనీయరు. నువ్వు నమ్ముకున్న ఆ 2029 గడువు సుత ఆ సభలనే పుట్టింది, ఆ ద్వీపం నుంచి 12,000 కిలోమీటర్ల పైన ఉన్న వాషింగ్టన్‌ల. రేపు ఇంకో ఏడాది పెంచినా, రేపే మూసినా, నీ ఇరుగుపొరుగు ఓటుకు అండ్ల లెక్క లేదు.

ఓహాయోల ఓటున్న మనిషి గ్వామ్ పోయి ఇల్లు కట్టుకుంటే ప్రెసిడెంటు ఓటు పోతది. మళ్ల ఓహాయో వస్తే ఓటు వస్తది. పౌరసత్వం అదే, మనిషి అదే. కాళ్లకింది నేల మారింది, గంతే. లేనోళ్లకు, అంగవైకల్యం ఉన్నోళ్లకు ఆ దేశం ఇచ్చే ఎస్ఎస్ఐ పింఛను సుత గ్వామ్‌ల ఉన్నోళ్లకు రాదు. కానీ సైన్యంల చేరేకాడ ఆ ద్వీపం పిల్లలు ముందట్నే ఉంటరు.

ఇంకో సంగతి చదివి పుస్తకం మూసి చానాసేపు కూసున్న. 1980 నుంచి, ప్రెసిడెంటు ఎన్నిక అయ్యే ప్రతిసారి గ్వామ్ వాళ్లు గూడ అదే రోజు ఓటేస్తరు. వరుసల నిలవడి, కాగితం తీసుకొని, వేస్తరు. లెక్కవెట్టి చెప్తరు కూడ. ఆ ఓటు ఏ లెక్కలనూ కలవదు. అది తెలిసే వేస్తరు, బిడ్డా.

అది చదివినంక నాకు నా మొదటి పోస్టింగు యాదికొచ్చింది. 1983. ఆ పల్లె నీకు ఎరుకనే, మీ తాత జామపండ్లు తెచ్చేది ఆడికెళ్లే. అరవై ఇండ్లు. సొంత పంచాయతీ లేదు, పెద్దూరికి శివారు పల్లె. నేను ఒక్కన్నే సారును, రేకుల కింద బడి. ఎండకాలంల ఆడోళ్లు రెండు కిలోమీటర్లు బిందెలు మోసేది. ఒకనాడు ఊరికి చేతిపంపు మంజూరైందని తెలిసింది. పిల్లలందరం సంబురపడ్డం, నేనూ పిల్లగాన్నే అప్పటికి, ఇరవై రెండేండ్లు. వారం అయినంక చూస్తే పంపు పెద్దూరి నడి బజార్ల దిగింది. కాగితం మీద రెండు ఊర్లకు ఒక్కటే పేరాయె, తప్పు పట్టేటందుకు లేదు.

దరఖాస్తు రాసుకొని సైకిల్ మీద ఆఫీసుకు పోయిన. నాలుగుసార్లు పోయిన. నాలుగోసారి ఆ అధికారి, "సారూ, మీ ఊరికి పంపు ఇచ్చినం గదా, సంతకం గూడ ఉన్నది చూడు" అన్నడు. ఎవరి సంతకం? పెద్దూరి సర్పంచుది. వాపసు వచ్చేకాడ ఒక ముసలవ్వ బిందె దించి అడిగింది, ఏమాయె సారూ అని. చెప్పిన. "పన్ను కట్టేకాడ మనం ఊరోళ్లం, పంపు పెట్టేకాడ పల్లెటోళ్లం" అని మళ్ల బిందె నెత్తికెత్తుకున్నది. నాకు ఇప్పటికీ ఆ అవ్వ మెడ కనవడ్తది.

2018ల కొత్త చట్టం వచ్చి తండాలు, శివారు పల్లెలు వేలకొద్ది పంచాయతీలు అయినప్పుడు అదీ ఒకటాయె. 2019 జనవరిల ఎన్నిక. నా దగ్గర అ ఆలు దిద్దినోడే సర్పంచు అయిండు. చూసొద్దామని పోయిన. పంచాయతీకి బిల్డింగు లేదు, పాత బడి అర్రల కుర్చీ ఏసిండ్రు. పైసలు లేవు. ఏమన్న మారిందారా అంటే, రిజిస్టరు తీసి చూపించిండు, "బోరు మోటరు బిల్లు సారూ, ఇగో నా సంతకం." ఆ పేజీ మీద నేను చెయ్యి పెట్టి చూసిన.

మన బీబీపేట సంగతి నీకు ఎరుకనే. ఏ కాగితం కావాల్నన్నా దోమకొండ ఉరకాల్సి వచ్చేది. 2016 దసరాకు కామారెడ్డి జిల్లా, బీబీపేట మండలం ఒక్కనాడే అయినయి. మీ బాపు బహ్రెయిన్ నుంచి ఫోన్ చేసి "అన్నా, ఇగ మన అడ్రసుల మనదే పేరు రాసుకోవచ్చా" అని అడిగిండు.

పెద్దగుండుడు వేరు, సొంతంగుండుడు వేరు. నా నాయన హాలి సిక్కాలతోని బతికినోడు. నిజాం సర్కారుకు సొంత నాణెం, సొంత టపాల బిళ్ల, సొంత రైలు ఉండె. ఏడు హాలి రూపాయలు ఇస్తే ఆరు ఇంగ్రేజు రూపాయలు. రాజ్యం 82,000 చదరపు మైళ్ల పైన, ఇంగ్లండు కన్న పెద్దది. అయినా ఇంగ్రేజు రెసిడెంటు దొర కోఠిల కూసొని ఉండె, బయటి దేశంతోని మాట కలపాలంటే ఆయన తొవ్వనే. గ్వామ్ దిక్కు చూడు. 549 చదరపు కిలోమీటర్లు, మన కామారెడ్డి జిల్లాల ఆరో వంతు గూడ లేదు. 2020ల జనం 1,53,836. దాని పొరుగున పలావు అని ఇంకో దీవుల గుంపు, జనం ఇరవై వేలు గూడ లేరు, 1994 నుంచి సొంత దేశం, ఐక్యరాజ్యసమితిల ఓటున్నది. గ్వామ్ పేరు అదే సమితిల ఇంక స్వపరిపాలన రాని భూభాగాల జాబితాల ఉన్నది. ఇందుకే పొలం కొలత చూసి ఎవరిదో చెప్పలేం, పట్టా చూడాలె.

ఇదంత చదివి పెద్దబాపు వద్దంటున్నడు అనుకోకు. వద్దన్న అంటే రేపు నీకు తొవ్వ లేకుంట చేసినోన్ని అయిత. నిజంగ ఆ ద్వీపంల కొలువు ఉంటే, ఆఫీసు ఉంటే, జీతం ఎంతో కాగితం మీద ఉంటే, పో. కంపెనీతోని నువ్వే మాట్లాడు, నడుమ మనిషి వద్దు. నీ యూనివర్సిటీల విదేశీ పిల్లల వీసాలు చూసే ఆఫీసరుకు ఆ కాగితం చూపించు. లాయరును నీ పైసలతోని పెట్టుకో, తక్కువ పడితే నా పింఛను ఉన్నది, మొగమాటపడకు. ఆడ మన దేశపు కాన్సులేటు లేదు, పాస్‌పోర్టు పని పడితే అమెరికా నడిగడ్డ దిక్కే చూడాలె, గడువు చానా ఉండంగనే చూసుకో. 2023 మే నెలల మావర్ అనే తుఫాను ఆ ద్వీపాన్ని పట్టి ఊపింది, దినాలకు దినాలు కరెంటు, నీళ్లు లేవు. స్లాబు ఇల్లు చూసి కిరాయికి తీసుకో. రేకుల ఇల్లు చౌకగ వచ్చినా వద్దు.

ఇంకొక్కటి, పెద్దబాపు కోరికనే అనుకో. ఆ ద్వీపాన్ని నిచ్చెన మెట్టు అనుకొని పోకు. ఆ జనం ఇప్పటికే నాలుగు వందల ఏండ్ల సంది ఎవరో ఒకరికి మెట్టయిండ్రు. వాళ్ల భాషల నాలుగు మాటలు నేర్చుకో. పక్కింటి ముసలామె పేరు తెలుసుకో, ఓటేసే రోజు వరుసల నిలవడ్డప్పుడు ఆమె ఏమనుకుంటదో అడుగు. నాకు రాయి. నేను చచ్చెలోపు ఆ జవాబు వినాలె.

పెద్దమ్మ సకినాలు చేసింది, డబ్బ కట్టి పెట్టింది. అడ్రసు డాలస్‌దా, గ్వామ్‌దా తేలేదాక పంపనని అలిగింది. నూనె వాసన రాకముందే తేల్చు.

ఉత్తరం ముగిద్దామనుకున్నంక గడియారం లెక్క చూసిన. డాలస్‌ల నీకు రాత్రి అయితే మాకు పగలు. మీ అమ్మ నడిరాత్రి లేచి నీ ఫోన్ కోసం మంచంల కూసుంటది, నీకు చెప్పదు. గ్వామ్‌ల టైము మనకన్న నాలుగున్నర గంటలే ముందు. ఆమె పొద్దుగాల ఆరింటికి చాట ముందట కూసునేటాల్లకు నీకు పదిన్నర, సాయంత్రం ఆమె కట్టలు లెక్కవెట్టేటాల్లకు నువ్వు అన్నం తిని ఖాళీగ ఉంటవు. ఈ ముచ్చట మీ అమ్మకు ఇంక చెప్పలేదు. చెప్తే, ఓటు లేదు గీటు లేదు, ఇయ్యాల్నే పొమ్మంటది.

పైలం బిడ్డా.

నీ పెద్దబాపు