బుజ్జికి, కిటికీ మూసే ముందు

శృంగవరపుకోట

బుజ్జీ,

నీకు అరకు స్టేషన్‌లో టికెట్ల కిటికీ దగ్గర డ్యూటీ వేశారని తెలిసిన రోజు అత్తయ్య వీధిలో నలుగురికీ బెల్లం ముక్క పంచింది. వానలు గట్టిగా పడుతున్నాయి. ఘాట్‌లో ఎక్కడ బండరాళ్లు జారాయో, బండి ఎక్కడ ఆగిందో అని రోజూ ఎవరో ఒకర్ని అడుగుతూనే ఉంటాను. రైల్వేలో రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. అద్దాల రైలు పెట్టెలో సీటు లేదంటే టూరిస్టులు నీ మీద అరుస్తున్నారట. తట్టలతో వచ్చే కొండవాళ్లకు ఒక్క మాట పదిసార్లు చెప్పాల్సి వస్తోందట. "వీళ్లతో నా వల్ల కాదు" అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు బుజ్జీ. రెండు నెలలు కాకుండానే అంత విసుగా? సర్లే, కోప్పడ్డానని అన్నం మానేయకు. నీ వయసులో నేనూ ఆ మాటే అన్నాను. అందుకే రాస్తున్నాను.

నేను ఈ లైన్లోనే ఒక చిన్న స్టేషన్‌లో ఉండేవాణ్ణి. అప్పట్లో అట్ట టికెట్లు, వాటికి తేదీ గుద్దే మిషను. సీతాఫలాల రోజులు. ఒక ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని, రెండు తట్టలు దించుకుని కిటికీ దగ్గరికొచ్చింది. శృంగవరపుకోటలో అమ్ముకుందామని బయల్దేరింది. కొంగుముడి విప్పి చిల్లర పోసి, వాళ్ల భాషలో ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. వెనక జనం, బండి వచ్చే వేళ. "సరిగ్గా లెక్కపెట్టుకుని రా, ఫో" అని కసిరి చిల్లర తోసేశాను.

బండి వచ్చింది, పోయింది. ఆవిడ టికెట్ లేకుండా ఎక్కలేదు. రాత్రంతా ప్లాట్‌ఫాం మీదే ఉంది. మర్నాటికి పళ్లు సగం మెత్తబడిపోయాయి. మళ్లీ అదే చిల్లర కిటికీలో పెట్టింది. ఈసారి నేను లెక్కపెట్టాను. సరిగ్గా సరిపోయింది. నిన్న కూడా సరిపోయే ఉండేది. నేనే లెక్కపెట్టలేదు. క్షమించమని అడగడానికి వాళ్ల భాషలో ఒక్క ముక్కయినా నేర్చుకోలేదు. ఆవిడ టికెట్ తీసుకుని తట్టలెత్తుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్లయినా సీతాఫలం చేతిలోకి తీసుకుంటే ఆ కొంగుముడే గుర్తొస్తుంది నాకు.

ఈ లైను కొండవాళ్ల కోసం వేసింది కాదమ్మా. బైలదిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేశారు. 1960లో పని మొదలుపెట్టి, 1966–67లో కొత్తవలస – కిరండూల్ లైను తెరిచారు. 58 సొరంగాలు, 84 వంతెనలు అంటారు కదా, అదంతా ఖనిజం కోసం పడ్డ కష్టమే. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలో బ్రాడ్‌గేజీ మీద అంత ఎత్తున ఉన్న స్టేషన్ ఇంకోటి లేదని మేమంతా చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాం. ఈనాటికీ ఖనిజం గూడ్సుకు దారివ్వడానికి పాసింజరు పక్క లైన్లో ఆగుతుంది. కొండలు ఇచ్చినవాళ్లకు మిగిలింది ఆ పాసింజరే. అది తప్పితే పగలంతా తప్పినట్టే. పిప్పళ్లు, అల్లం అమ్ముకునేవాళ్లూ, విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లే రోగులూ, సెలవులకు ఇంటికొచ్చే హాస్టల్ పిల్లలూ అందరూ ఆ బండి మనుషులే.

అందుకని నా మాట విను. ముందు అంకెలు నేర్చుకో. కొండవాళ్ల భాషల్లో, ఆదివాసీ ఒడియాలో, కువిలో, ఒకటి నుంచి వంద దాకా. నీ దగ్గరికొచ్చే పిల్లల్నే అడుగు, నవ్వుతూ నేర్పుతారు. సంత రోజున చిల్లర ముందే తెచ్చి పెట్టుకో. బండి ఆలస్యమైతే మైకులో చెప్పేశారు కదా అని కూర్చోకు. లేచి వెళ్లి నోటితో చెప్పు. కొండచరియలు పడి బండి రద్దయితే టికెట్ డబ్బు వాపసు వస్తుందని చాలామందికి తెలియదు. నువ్వే పిలిచి ఇవ్వు.

టూరిస్టుల మీదా చిరాకు పడకు. 2017లో ఆ అద్దాల పెట్టె వచ్చాక ఎక్కడెక్కడివాళ్లో మన లోయ చూడ్డానికి వస్తున్నారు. పిల్లల్ని ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడేవాళ్లకు సొరంగాల సంగతి మెత్తగా చెప్పు. అద్దాల పెట్టెలో సీటు దొరకనివాడు కిటికీ పక్కన కూర్చున్నా అవే కొండలు చూస్తాడు. పాసింజరు తప్పిన ముసలమ్మకు మాత్రం ఇంకో దారి లేదు. తొందరలో ఎవరి వైపు చూడాలో నీకు తెలియాలి.

చలి మొదలవుతుంది. అత్తయ్య అల్లిన స్వెట్టరు పంపుతున్నాను, రంగు నచ్చకపోయినా వేసుకో. వేళకు తిను.

ఒక్కటి మాత్రం మర్చిపోకు బుజ్జీ. కిటికీ మూసే ముందు ఒక్కసారి బయటికి చూడు. ఎవరైనా తట్ట దించుకుంటున్నారేమో, కొంగుముడి విప్పుకుంటున్నారేమో. వాళ్ల చిల్లర నువ్వే లెక్కపెట్టు.

నీ మావయ్య