జేజి ఇంటికి ఆ తాళం వద్దు

కోడుమూరు

చిన్నమ్మీ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన పెద్ద మెసేజీ మీ పెద్దమ్మ చదివి వినిపించింది. తాళం పార్సిలు అంతకు ముందురోజే వచ్చింది. ఫోనులో చెబితే ‘సరే పెద్దనాయనా’ అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నా. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

జేజి ఆ ఇల్లు వదిలి రాదు, ఒక్కతే పడుకుంటుంది, అదీ నీ బెంగ. నాకూ అదే బెంగ. కానీ నువ్వు పంపిన ఆ స్మార్ట్ తాళం తలుపుకు బిగించడానికి నాకు మనసొప్పలేదు.

అది వేలిముద్రతో తెరుచుకోవాలి కదా, ముందు జేజి వేళ్ళు చూడు. ఏళ్ళ తరబడి శెనక్కాయలు వొలిచి, పత్తి తీసి, గీతలే అరిగిపోయినాయి. రేషను మిషను దగ్గర ‘ఈ వేలు పెట్టమ్మా, ఆ వేలు పెట్టమ్మా’ అని డీలరు అన్ని వేళ్ళూ అయిపోగొట్టి ఆఖరుకు కంటిపాపతో తీసుకుంటాడు. ఎదురుగా మనిషి కూర్చున్నాడు కాబట్టి వేరే దారి చూపిస్తాడు. తలుపు చూపిస్తుందా? పిన్ నంబరు ఉంది కదా అంటావు. ఎనభై దాటిన మనిషి రాత్రిపూట దొడ్లోకి పోయి వచ్చి, వానలో తడుస్తూ అంకెలు గుర్తుచేసుకోవాలా తల్లీ?

నన్ను అంతకంటే పీడిస్తున్నది ఇంకొకటి. ఆ తాళం ఎవరి మాట విని తెరుచుకుంటుంది? నువ్వు బెంగుళూరులో నొక్కితే ఆ మాట ఏ దేశంలోనో ఉన్న కంపెనీ సర్వరుకు పోయి, అక్కణ్ణించి మన కోడుమూరుకు రావాలి. రేపు ఆ కంపెనీ మనసు మార్చుకుంటే? అమెరికాలో రివాల్వ్ అని, ఇంట్లో లైట్లూ తాళాలూ ఒక్కచోటి నుంచి నడిపించే పెట్టెను 300 డాలర్లకు అమ్మినారు. 2014లో గూగుల్ వాళ్ళ నెస్ట్ ఆ కంపెనీని కొన్నది. 2016 మే 15న సర్వర్లు ఆపేసింది. డబ్బు పోసి కొన్నవాళ్ళ ఇళ్ళలో ఆ పెట్టెలకు ఒక్క దెబ్బ తగల్లేదు, అయినా పనికిరాకుండా పోయినాయి. వాళ్ళు ఎవరి ఇంటికి పోయి అడగాలి?

నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసినప్పటి ఫోను మాత్రం దానంతట అది బతికిందా? లేదు. ఇంట్లో కరెంటు పోయినా ల్యాండ్‌లైను మాట్లాడేదంటే, ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టులు ఆ తీగ మీదే వచ్చేవి కాబట్టి. బ్యాటరీ గదిలో రెండేసి వోల్టుల సెల్లులు 24 వరుసగా ఉండేవి. వాటికి డిస్టిల్డ్ వాటరు పోసి, హైడ్రోమీటరుతో ఆసిడ్ చూసి పుస్తకంలో రాయడం కొత్తగా చేరినప్పుడు నా పని. నా చొక్కాలన్నిటికీ చిల్లులే. ఎన్ని కుట్టిందో జేజినే అడుగు. ఆ గది ఆగితే ఊరంతా మూగపోయేది. అట్లా ఆగిన ఒక రాత్రి, భార్యకు కాన్పు కష్టమైందని, కర్నూలు పెద్దాసుపత్రికి ఫోను కలపాలని ఒకాయన వచ్చి మా తలుపు బాదినాడు. నన్ను మంచం మీద నుంచి లేపి, సైకిలు మీద కూర్చోబెట్టుకుని పోయినాడు. లైను కలిసింది. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు ఎమ్మిగనూరులో టీచరమ్మ, కనిపిస్తే నమస్కారం పెడుతుంది.

ఎక్కడో ఒకచోట ఆధారపడక తప్పదు చిన్నమ్మీ. ఆధారపడిన చోట లేపడానికి ఒక మనిషి ఉన్నాడా, ఆయన ఇల్లు మనకు తెలుసా, నేను చూసేది అదొక్కటే. 2009 అక్టోబరులో తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, అడగడానికి అట్లాంటి మనిషి ఒక్కడూ దొరక్క మీ అత్త వాళ్ళ కోసం మనం ఎట్లా అల్లాడినామో మళ్ళీ చెప్పక్కర్లేదు.

నీ ఉద్యోగం సంగతి. టీములో ఇద్దర్ని తీసేసినారని మీ అమ్మ చెప్పింది, నువ్వు చెప్పలేదు. 2025 జులైలో టీసీఎస్ అంతటి కంపెనీయే 12,000 మందికి పైగా తగ్గిస్తామన్నప్పటి నుంచి మీ నాయనకు సరిగా నిద్ర లేదు. పైకి అనడు. ఇంత దిగులు లోపల పెట్టుకుని జేజికి తాళం కొన్నావు చూడు, అది తలచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి.

‘కోడంతా ఏఐ రాస్తుంటే ఇంక నేనెందుకు’ అని రాసినావు. ఇట్లాంటి మాట మేమూ విన్నాం. పల్లెలకు 128 పోర్టుల సీ-డాట్ ఎక్స్ఛేంజీలు వచ్చినప్పుడు, చెడితే కార్డు మారిస్తే చాలు, మెకానిక్కులతో పనేముంది అన్నారు. ఆ రోజుల్లోనే మగ్గాల వీధిలో గద్వాల పట్టుచీరలు నేయించే షావుకారు ఒకాయన ఫోను గరగరమంటుందని మాటిమాటికీ కంప్లైంటు ఇచ్చేవాడు. టెస్టు చేస్తే లైను నిక్షేపంగా ఉంది. కార్డు మార్చినారు, మళ్ళీ గరగరే. నేను పోయి, ‘ఎప్పుడొస్తుందయ్యా?’ అని అడిగినాను. పొద్దున్నే వస్తుంది, ఎండెక్కితే పోతుంది అన్నాడు. నిచ్చెనేసి చూస్తే చూరు కింద డ్రాప్ వైరు అతుక్కు టేపు ఊడిపోయి ఉంది. చలికాలం మంచుకు తడిసేది, ఎండకు ఆరేది. మేము టెస్టు చేసేదేమో మధ్యాహ్నం. అంతకు ముందు ఆయనను ఎప్పుడని ఎవరూ అడగలేదు.

నీ ఏఐని ఎంత కోడు రాస్తుందో రాయనీ. నువ్వు మాత్రం మీ రైతుల యాప్ వాడేవాళ్ళతో నోరారా మాట్లాడు. ఆదోనిలో పత్తి రైతు ఏ బటను దగ్గర ఆగిపోతున్నాడో తెలుసుకో. ఇంకొకటి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేటుకు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయినాయి కదా, శంషాబాదులో ఇండిగో వాళ్ళు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చినారు. ఆ ఫొటో చూసి ఎంత సంతోషపడ్డానో! ఆ కాగితంతోనే జనం విమానం ఎక్కినారు. నువ్వేం కట్టినా, అది పడిపోయిన రోజున పని నడిచే దారి ఒకటి ఉంచమని మీటింగులో అడుగు. దండగ ఖర్చంటారు. అన్నా సరే, మళ్ళీ అడుగు.

రాత్రి డ్యూటీ వారంలో పగలు పడుకుంటున్నావా? అన్నం బదులు నూడుల్సు తింటున్నావట. పెద్దమ్మ సద్ద రొట్టెలూ శెనక్కాయల పొడీ కట్టి ఉంచింది, ఆదివారం బెంగుళూరు వచ్చే పిల్లోడితో పంపిస్తాం.

తాళం వెనక్కి పంపెయ్. జేజి మంచం దగ్గర నుంచి పక్కింటి మగ్గం గదిదాకా నేనే తీగ లాగి గంట పెడతాను. వాళ్ళను అడిగినాను, సరేనన్నారు. మన ఇంటికి కూడా ఇంకొక తీగ వేస్తాను. నువ్వు బెంగుళూరు ఎస్పీ రోడ్డులో 6 వోల్టుల గంటలు రెండు, బ్యాటరీ ఒకటి, బొటనవేలంత పెద్ద మీట ఉన్న స్విచ్చి ఒకటి కొనుక్కురా. స్విచ్చి ఎర్రదే తీసుకో, జేజికి ఆ రంగు బాగా ఆనుతుంది.

మీ పెద్దనాయన