మన కోసం ఆగే పాఠం



2020 సెప్టెంబరు 1న మన తెలంగాణలో టీవీ పాఠాలు మొదలైనయి. అప్పుడు నాది నాలుగో తరగతి. నస్పూర్ల పక్కింట్ల కూసొని చూసేదాన్ని. ఒకరోజు భాగహారం చెప్తున్నరు. మొదటి మెట్టే నాకు సమజ్ కాలేదు. టీవీ ఆగదు కదా! పాఠం ముందుకు పోయింది, నేను అక్కడ్నే ఉండిపోయిన. మా అవ్వ, బాపు చదువుకోలేదు. బాపు బొగ్గుబాయి కాడ కూలికి పోతడు. ఎవర్ని అడగాలె? నాకే తెలివి లేదనుకున్న.

ఇప్పుడు కొన్ని కంప్యూటర్ పాఠాలు నేర్చుకునేవారిని బట్టి మారుతాయి. ఎట్లనో తెలుసుకుందాం.

1. ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాయి. మనం తొమ్మిదిల ఉన్నా భాగహారం రాకుంటే అక్కడి నుంచే మొదలుపెడతాయి.

2. తప్పు ఎక్కడుందో చూస్తాయి. 306ను 3తో భాగించి 12 అని రాస్తే, నడుమ సున్నా మరిచినమన్నట్టు. అది గుర్తుచేసి, అసుంటివే ఇంకో రెండు లెక్కలిస్తాయి. (సరైన జవాబు 102.)

3. వేగం తగ్గించుకోవచ్చు, మళ్లీ వినవచ్చు. చెవులు వినరానివారికి మాటలు అక్షరాలుగా కనబడతాయి. చూపు లేనివారికి అక్షరాలు మాటలుగా వినబడతాయి.

2015లో ఢిల్లీలో 619 మంది పిల్లలతో ఇది పరీక్షించినారు. లాటరీ తీసి కొందరికి ఇట్లాంటి కంప్యూటర్ పాఠాలు ఇచ్చినారు. నాలుగున్నర నెలలకే వాళ్లు మిగతావారికంటె లెక్కల్లోనూ హిందీలోనూ ముందుకు వచ్చినారు. బాగా వెనుకబడినవారు కూడా తెలివైనవారితో సమానంగా లాభం పొందినారు. అంటే వారికి తెలివి లేక కాదు, వారి మెట్టు నుంచి ఎవరూ చెప్పలేదు.

కాని ఒక మాట. చదవకుండ ఊరికే నొక్కుతూ పోతే యంత్రం మన మెట్టు తప్పుగా లెక్కేస్తది. మనం ఎందుకు ఏడుస్తున్నమో అది అడగదు. దానికి టీచరమ్మ కావాలె. ఇంకా, మా ఇంట్ల మాట్లాడేది గోండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అక్షరాలు కంప్యూటర్లకు వచ్చినయి, ఇగ లెక్కల పాఠాలు కూడా ఆ భాషలో రావాలె.

చెల్లెళ్లారా! కంప్యూటర్ లేని రోజు ఈ పని మనమే చేయవచ్చు. పక్కనున్న పిల్లకు లెక్క రాకుంటే నవ్వకుండ “ఎక్కడ ఆగినవ్?” అని అడుగుదాం. అక్కడి నుంచే చెబుదాం.