శాస్త్రజ్ఞుల ఉమ్మడి విమానము

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్నను, మన రాయచూరు జిల్లాలో కాలువనీరు అందని పొలములు నేటికిని వానకై ఎదురు చూచుచున్నవి. నైరృతి ఋతుపవనము తన నీటిలో అధికభాగమును పడమటి కనుమలపైననే కురిపించి, మిగిలినదానినే మన వైపునకు తెచ్చును. అయినను, తలపై నిలిచిన మబ్బులలో ఒకటి కురియుటకును, వేరొకటి కురియక పోవుటకును కారణమేమి? నేలమీద నిలిచి దీనికి పూర్తి సమాధానము చెప్పుట కష్టము. మబ్బులోనికి పోయి అందలి నీటిబిందువుల పరిమాణమును, ధూళికణములను, ఉష్ణోగ్రతను, గాలివేగమును కొలువవలెను. అందులకు పరికరములు గల విమానము కావలెను.

అట్టి విమానమును కొని నడుపుట ఒక్క విశ్వవిద్యాలయమునకు మోయరాని భారము. తుంగభద్ర ఎడమకాలువ నీటిని రైతులు వంతులవారీగా పంచుకొనునట్లే, శాస్త్రజ్ఞులును విమానమును పంచుకొనవలసి యున్నది. ఐరోపాలో 2000 సంవత్సరమున ఆరంభమైన 'యూఫార్' అను ఏర్పాటు వలన, స్వదేశమున తగిన విమానము లేనివారికి పొరుగుదేశపు విమానమున పరిశోధన చేయు వీలు కలిగినది. శాస్త్రజ్ఞుడు తన ప్రశ్నను, కొలువదలచిన విషయములను వ్రాసి పంపును. నిపుణులు దానిని పరిశీలించి, యోగ్యమైనచో ఎగురు గంటలను కేటాయింతురు.

మన దేశమున పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞానసంస్థ 2009లో 'కైపీక్స్' అను మేఘపరిశోధనను ఆరంభించి, హైదరాబాదు మొదలగు చోట్లనుండి విమానము నడిపినది. 2016లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఉమ్మడిగా వాడుకొను విమానము లక్నో, బెంగళూరులనుండి ఎగురగా, ఇరుదేశముల వారును కలిసి ఋతుపవనమును పరిశోధించిరి. 2018, 2019 సంవత్సరములలో, మనవలెనే వానకొరత గల షోలాపూరున రెండు విమానములు పనిచేసినవి. ఒకటి మబ్బులలో లవణకణములను వెదజల్లగా, రెండవది మబ్బులలోని మార్పులను కొలిచినది. సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర వర్షము 18 శాతము హెచ్చినట్లు 2023లో ప్రకటితమైనది. అయితే తగిన మబ్బు లేనిచోట ఏ విమానమును వాన తేజాలదు. ఈ భేదమును తెలిపినది కొలతయే. కొలత లేనిచో వ్యయమే మిగులును, సత్యము తెలియదు.

తల్లిదండ్రులు గమనింపవలసిన దొకటి కలదు. ఉమ్మడి విమానమున చోటు ధనమువలన గాక, చక్కని ప్రశ్నవలన లభించును. నిలువు అంచులు గల డబ్బాను ఆరుబయట నుంచి, ప్రతిదినము వాననీటిని కొలబద్దతో కొలిచి వ్రాసికొనుట మన పిల్లలకు నేర్పుదము. "ఎందుకు?" అని వారు మాతృభాషలో అడిగినపుడు విసుగక విందము. మన పొలములపై నిలిచిన మబ్బును గూర్చిన ప్రశ్నను మన బిడ్డలే అడుగవలెను గదా!